పీరుకు కట్టిన బిళ్ల

1923 జూలై 30, సోమవారం పగలు కోయిలకుంట్ల తాలూకా కచేరీలో నరసన్న అర్జీని గుమాస్తా తిప్పి ఇచ్చాడు. బెంగుళూరు సైన్యం కచేరీ నుంచి వచ్చిన జవాబును గుండుసూదితో అర్జీకి గుచ్చారు.

నరసన్న కాగితాలను రెండు చేతులా పట్టుకున్నాడు. అతని ఎడమచేతి చివరి రెండు వేళ్లు వంగవు. బస్రా యుద్ధంలో తగిలిన దెబ్బ అది.

"ఏమని రాసినారు సామీ?"

"నువ్వు యుద్ధానికి పోయిన మాట నిజమే అన్నారు" అన్నాడు గుమాస్తా. "గాయపడిన మాటా నిజమే. మీ కంపెనీకి ఆ నెలలో సాహసానికి ఒక బిళ్ల మంజూరైన మాటా నిజమే. ఒక్కటే బిళ్ల. అది ఎవరికన్నది తెలియడం లేదట. ఆ కాగితం పడవలో తడిసిపోయిందట."

"నాకే సామీ. ఆసుపత్రిలో దొర వచ్చి నా అంగీకి పట్టీ గుచ్చిపోయినాడు. పట్టీ ఇంట్లో ఉండాది."

"గుడ్డపట్టీ కాదయ్యా, వెండిబిళ్ల కావాలి. దాని అంచున నంబరూ పేరూ కొట్టి ఉంటాయి. తాసిల్దారుగారు చూసి నకలు పంపితే నీ సర్వీసు కాగితాల్లో ఎక్కిస్తారు. శుక్రవారం ఆయన మీ ఊరికే వస్తున్నారు. కుందూ గట్టు బంజరుకు రెండు దరఖాస్తులు ఉన్నాయి. ఒకటి నీది, ఒకటి మీ మునసబు అల్లుడిది. సాహసం బిళ్ల ఉన్నవాడికి మొదటి హక్కు. లేకపోతే నువ్వూ అందరిలాంటి సిపాయివే. బిళ్ల ఉందా?"

"ఉండాది సామీ."

"ఎక్కడ?"

"పీరుకు కట్టింది మాయమ్మ."

పక్క బల్ల దగ్గర గుమాస్తా తలెత్తాడు. "బిళ్ల పీరుకిచ్చి కాగితం మనల్ని అడుగుతున్నాడు, చూశారా?" అన్నాడు.

"శుక్రవారానికి విప్పుకుని రా" అన్నాడు మొదటి గుమాస్తా.

నరసన్న తల ఊపాడు. పీరుకు కట్టినదాన్ని విప్పడమంటే ఏమిటో ఈయనకు తెలియదని కచేరీ మెట్లు దిగాక అతనికి తోచింది. మళ్లీ పైకెక్కి చెబుదామా అనుకున్నాడు. చెప్పులు తొడుక్కుని దారి పట్టాడు.

అతని ఊరు తుమ్మలదిన్నె అక్కడికి రెండు కోసులు. అతను ఊళ్లోకి పోకుండా కుందూ గట్టుకు పోయాడు. ఐదెకరాల బంజరు అది. మూడు ఎండాకాలాలు తుమ్మ మొద్దులు తవ్వి, గరిక దుంప ఏరి, దాన్ని చేను చేశాడు. పట్టా లేదు. సర్కారు భూమి సాగు చేసినందుకు ఏటా జరిమానా కట్టి రసీదు తెచ్చుకుంటాడు. ఇప్పుడు అందులో కొర్ర జానెడు లేచింది.

అతని భార్య సుంకమ్మ సాళ్ల మధ్య గుంటక తోలుతోంది. మొగుణ్ణి చూసి ఎద్దుల్ని నిలిపింది.

"ఏమన్నారు?"

"బిళ్ల చూపించమన్నారు."

"పీరుకు ఉండాది కదా."

"అదే చూపించమన్నారు, శుక్రవారం."

సుంకమ్మ ఆకాశం వైపు చూసింది. పీర్లను బయటికి తీసేది పండుగ నెలవంక కనపడినాకనే. అమావాస్య ఇంకా రాలేదు. ఆమె గుంటకకు చుట్టుకున్న గరికను కాలితో తోసింది. నరసన్న మేడి అందుకుని, వంగని వేళ్లను పైకి పెట్టి, అరచేతి అడుగుతో అదిమి ఎద్దుల్ని అదిలించాడు.

*

మంగళవారం పొద్దున వలి సాహెబ్ పీర్లచావిడి అరుగు మీద రాగిబిందెకు కళాయి పూస్తున్నాడు. ఆ చావిడికి ముజావరు ఆయనే. పండుగ పది రోజులూ పీర్లను ఎత్తుతాడు. మిగతా ఏడాదంతా ఊళ్ల వెంట తిరిగి కళాయి పూసుకుని బతుకుతాడు.

నరసన్న చెప్పిందంతా ఆయన తిత్తి ఊదుతూనే విన్నాడు. బిందె కాగింది. నవసాగరం చల్లాడు. పొగ లేచింది. తగరం కడ్డీ ఒకసారి తాకించి దూదితో గుండ్రంగా తిప్పాడు. బిందె లోపల తెల్లగా పాకింది. నీళ్లలో ముంచి పక్కన బోర్లించాక మాట్లాడాడు.

"నెల కనపడనియ్యి. విప్పి చేతికిస్తా. చూపించుకుని తెచ్చియ్యి."

"శుక్రవారం కావాల మామా."

"శుక్రవారం నేను పెట్టె తెరుస్తా. శనివారం నుంచి వాన ఎగ్గొడతాది. అప్పుడు నీకేం, సిపాయివి, మల్లీ బస్రాకు పోతావు. నేను యాడికి పోవాల?"

"మామా, చేను పోతాది."

వలి సాహెబ్ దూదిని బొగ్గుల పక్కన పెట్టాడు. "సరే. తెరిచినా అనుకో. నీది యాదని చూపిస్తావు?"

"ఉండేది ఒకటే కదా."

"ఒకటేంది? మూడుండాయి. రెండేండ్ల కింద, నువ్వు కాలవ పనికి కర్నూలు దిక్కు పోయినప్పుడు, టపాలో రెండు పొట్లాలు వచ్చె. ఒకటి మీయమ్మ బసమ్మకు, ఒకటి ఏసన్న తల్లి విశ్వాసమ్మకు. ఇద్దరూ ఒకటే పొద్దు తెచ్చిరి. మూడు బిళ్లలూ ఒకటే తాడుకు కట్టి పెద్దపీరు మెడకేసినా. గుర్రం బొమ్మవి రెండు, ఆకుల దండ ఉండేది ఒకటి."

ఏసన్న ఆ ఊరి మాలగేరి వాడు. నరసన్నతో కలిసి సైన్యంలో చేరాడు. తిరిగి రాలేదు.

గుర్రం బొమ్మ బిళ్లలు యుద్ధానికి పోయినవాళ్లందరికీ ఇచ్చేవి. పోయిన ప్రతివాడి ఇంటికీ ఒకటి వచ్చింది. అది నరసన్నకు తెలుసు. ఆకుల దండది వేరే.

"ఆ ఆకులదే నాది" అన్నాడు.

"కాదని ఎవురన్నారు? అయితే ఒక మాట. ఇచ్చినోళ్లు ఇద్దరు. సర్కారు మాటకు నేను పెట్టె తెరవను. ఇచ్చినోళ్లు ఇద్దరూ వచ్చి అడిగితే తెరుస్తా. మీయమ్మ లేదు కాబట్టి నువ్వు అడుగుతాండావు. విశ్వాసమ్మ గూడా వచ్చి అడగాల. ఊరి తిట్లు నేను పడతా."

"ఆయమ్మను నేనెట్ల అడిగేది మామా?"

"నోటితో" అన్నాడు వలి సాహెబ్. ఇంకో గిన్నె తీసుకుని అందులో ఇసుక పోసి, మడమతో తొక్కుతూ తోమసాగాడు. "ముందు కంబన్న దగ్గరికి పో. బిళ్లలు ఆయప్ప చేతినుంచే నాకు వచ్చినాయి. ఎవురు ఏమి ఇచ్చిరో ఆయప్పకు ఎరికె."

*

కంసాలి కంబన్న ముక్కుపుడకకు రాయి పొదుగుతున్నాడు. మంట ఊదే గొట్టం నోట్లో ఉంది కాబట్టి కనుబొమలతోనే కూర్చోమన్నాడు. మంట నీలంగా సాగి రాయి చుట్టూ తిరిగింది. గొట్టం తీసి మూతి తుడుచుకున్నాడు.

"బిళ్లలా? మూడూ మంచి వెండి. వాటి అంచులు అరగదీసేకి నాకు పొద్దంతా పట్టె."

"అంచులు యాల అరగదీసినావు?"

"పేర్లుండె కదప్పా. ఇంగ్లీషు నాకు రాదు కానీ అంచంతా వరసగా కొట్టింటే పేరు గాక ఏమైతాది? పీరుకిచ్చిన వెండి మీద ఇచ్చినోళ్ల పేరుండగూడదు. మీ తాత పీరుకిచ్చిన వెండి గొడుగు మీద ఉండాదా పేరు? ఆకురాయి పెట్టి నున్నగా చేసినా."

నరసన్న ఆ ఆకురాయిని చూశాడు. పలక మీద, పట్టకారు పక్కన ఉంది.

"మూడిటివీ తీసినావా?"

"రెండు తీసి ఒకటి ఇడుస్తానా?"

"ఆ పేరు కోసమే సర్కారోళ్లు చూస్తామంటాండారు."

కంబన్న గొట్టాన్ని కింద పెట్టాడు. వీధిలో ఎవరో మేకలను తోలుకుపోయారు.

"నాకేం తెలుసప్పా" అన్నాడు కంబన్న చివరికి. "నలభై ఏండ్లుగా అట్లనే చేస్తాండా. ఇచ్చినాక మల్లీ ఎవురన్నా అడుగుతారా?"

"పోనీలే. ఎవురి పొట్లంలో రెండుండె? అది చెప్పు."

కంబన్న కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "మీయమ్మ గుడ్డలో ముడేసుకుని తెచ్చె. బిళ్లనో, బిళ్లలో. ముడి ఇప్పి పలక మీద పోసె. ఆ వెంటనే విశ్వాసమ్మది పోసినా. మూడు. కలిసిపాయె."

"విశ్వాసమ్మకు తెలిసింటాది కదా, తను తెచ్చింది ఒకటో రెండో."

"యాడ తెలుస్తాది? ఆయమ్మ పొట్లం ఇప్పనే లేదు. టపాలో వచ్చింది వచ్చినట్లు తెచ్చె. లక్క ముద్ర అట్లనే ఉండె. దారం గూడా తెంపలేదు. కత్తెర పెట్టింది నేను. పోస్తాంటే మొగం ఆపక్కకు తిప్పుకునె."

నరసన్న లేచి వీధి చివరిదాకా నడిచాడు. తర్వాత వెనక్కి వచ్చి, "మాయమ్మ ముడి పెద్దదా, చిన్నదా?" అని అడిగాడు.

కంబన్న గొట్టం నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ముడి ముడి మాదిరి ఉండె" అన్నాడు.

*

ఆ మాపటికి సుంకమ్మ రొట్టెలు కొడుతూ అంతా విన్నది.

"నీ అంగీకి పట్టీ గుచ్చినారు కదా" అంది.

"గుచ్చినారు."

"మరింకేమి?"

"ఆ అంగీ నాదేనా అని."

సుంకమ్మ చేయి పిండి మీద ఆగింది.

"ఆసుపత్రిలో అంగీలన్నీ ఒకటే గంగాళంలో ఉడకబెడతారు" అన్నాడు నరసన్న. "ఆరినాక మంచానికొకటి ఏసిపోతారు. ఏసన్న మంచం నా పక్కదే. నాకు జరం. కండ్లు తెరిచేసరికి ఆ మంచం ఖాళీ. నా కాళ్లకాడ మడతపెట్టిన అంగీ. దాని మీద పట్టీ."

"దొర వచ్చి గుచ్చిపోయినాడని చెప్తివే?"

"కాంపౌండరు చెప్పినాడు, దొర వచ్చి గుచ్చిపోయినాడని."

"నీకేనని చెప్పినాడా?"

నరసన్న గుర్తు చేసుకోవడానికి చూశాడు. కాంపౌండరు మలయాళంవాడు. చేత్తో అంగీని చూపించాడు. అంగీనే చూపించాడా, ఖాళీ మంచాన్నా? ఇన్నాళ్లూ ఆ చేయి అంగీ మీదే ఉందని అతను అనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేయి రెంటి మధ్యా కదులుతోంది.

"పోనీ పని చేసింది నువ్వేనా కాదా?" అంది సుంకమ్మ. "మోకు పట్టుకుని ఏరు ఈదింది?"

"ఇద్దరమూ ఈదినాం, అవతలి గట్టుకు మోకు కట్టేకి. తుపాకులు కొడతాండిరి. ముందర ఏసన్న, ఎనక నేను. మోకు బరువు ఎనకనోని మీద పడతాది. గుండ్లు ముందరోని మీద పడతాయి."

"అయితే ఎవురిది పెద్ద పని?"

"అదే తెలీదు."

సుంకమ్మ రొట్టెను పెనం మీద వేసింది. అంచుల్ని వేళ్లతో నొక్కింది. "అర్జీ రాయించినప్పుడు ఈ అనుమానం లేదే. ఎవుడన్నా కాదన్నాడా?"

"ఎవుడూ అనలేదు."

"మునసబు అల్లుడు ఈదినాడా?"

"వానికి కుందూలో మోకాటి లోతు దిగేకే భయం."

"మరి గమ్మున నీదే అను" అంది సుంకమ్మ, రొట్టెను తిరగేస్తూ.

*

గురువారం నరసన్న మాలగేరికి పోయాడు. గేరి చివర వేపచెట్ల కింద విశ్వాసమ్మ రాలిన వేపపండ్లు ఏరుతోంది. ఏరినవి ఓటికుండలో వేసి, నీళ్లు పోసి పిసికి, గింజలను గోనె మీద ఆరబోస్తోంది. నూనె గానుగవాళ్లు వాటిని కొంటారు. ఆమెకు ఆ కొడుకు ఒక్కడే.

నరసన్న గోనెకు ఇవతల కూర్చుని, చేతికందిన కాయలు ఏరి కుండలో వేశాడు.

"ఏమప్పా, ఇట్ల వచ్చినావు? చేన్లో పని లేదా?"

"ఉండాది పెద్దమ్మా. ఒక మాట అడిగేకి వచ్చినా."

అతను బంజరు సంగతి, తాసిల్దారు సంగతి, పెట్టె సంగతి చెప్పాడు. బిళ్ల ఒక్కటే అని చెప్పాడు. అది ఎవరిదో తనకు తెలియడం లేదని కూడా చెప్పాడు. ఈ చివరి మాట చెప్పాలని అతను రాలేదు.

విశ్వాసమ్మ గింజ పిసుకుతూనే ఉంది. "నేను వచ్చి అడగాల, అంతే కదా? అడుగుతాలే. దానికేముంది."

"పెద్దమ్మా, నీ పొట్లంలో ఎన్నుండెనో చూసినావా?"

"వాడు రాకుండా వచ్చింది. నేనేం చూసేది?"

నరసన్న ఇంకో నాలుగు కాయలు ఏరాడు. అందులో ఒకటి పచ్చికాయ. తీసి పారేశాడు.

"ఏటేటా పీర్ల పండక్కి అలాయి నిప్పుల గుండంలో ఉప్పేస్తా, వాని పేరు చెప్పుకుని" అంది ఆమె. "ఫాదరు తిడతాడు. తిట్టుకోనీ. పోయేటప్పుడు వాడు పెద్దపీరుకే మొక్కుకుని పోయినాడు." కుండలోని నీళ్లు వంచింది. తొక్కలు కాళ్ల దగ్గర పడ్డాయి. "నరసన్నా, నిన్ను ఒకటి అడుగుతా. ఎప్పుడూ అడగలేదు. ఆ ఏట్లో నీళ్లు చల్లగా ఉండెనా?"

"శానా చల్లగా ఉండె పెద్దమ్మా."

"వానికి చల్లనీళ్లు పడవు" అంది విశ్వాసమ్మ.

కొంతసేపటికి మళ్లీ, "కొర్ర ఎట్లుండాది?" అని అడిగింది.

"జానెడు లేచినాది. మొన్నటి వానకు తేరుకున్యాది."

"తుమ్మ మొద్దులు తవ్వింది నువ్వు. చేతులు బొబ్బలెక్కి ఈ దావనే పోతాంటివి, చూస్తాంటి. ఆయప్ప అల్లునికి ఇస్తారా దాన్ని?"

"బిళ్ల నాదని తేలకపోతే ఇస్తారు."

"నాదని తేలితే?"

"ఏసన్నదని తేలితే నీకు ఇస్తారేమో. తెలీదు. పోయినోని తల్లికి ఇస్తారో లేదో."

విశ్వాసమ్మ నవ్వింది. ముందు పళ్లు లేవు. "ఇస్తే నేను నాగలి కట్టాల్నా, ఈ కాళ్లతో? పో నాయనా, ఎద్దులు ఎదురుచూస్తాంటాయి."

*

శుక్రవారం పొద్దెక్కాక తాసిల్దారు గుర్రపుబండిలో వచ్చాడు. ముందు కుందూ గట్టుకు పోయి కొర్ర చేను చుట్టూ నడిచాడు. ఆ తర్వాత చావిడికి వచ్చి ఎదురరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఒకపక్క మునసబు, అతని అల్లుడు. ఇంకోపక్క బిళ్ల మాట విని వచ్చిన జనం. కంబన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సుంకమ్మ ఆడవాళ్లలో ముందు నిలబడింది. విశ్వాసమ్మ చావిడి మెట్ల కింద, ఎండలో ఉంది.

వలి సాహెబ్ స్నానం చేసి, నెత్తికి గుడ్డ కట్టుకుని బయటికి వచ్చాడు.

"అడిగేవాళ్లు అడగండి" అన్నాడు.

"తెరువు మామా" అన్నాడు నరసన్న.

"తెరువు సామీ" అంది విశ్వాసమ్మ మెట్ల కింద నుంచి.

"నెల కనపడకుండా తెరుస్తాండాడు. వాన పోతే ఎవురిది పూచీ?" అన్నాడు మునసబు అల్లుడు.

"నాది" అన్నాడు వలి సాహెబ్. "ఈ పాడు ఆకాశానికి నేనొక్కన్నే దొరికినాలే." జనంలో ఒకరిద్దరు నవ్వారు.

ఆయన లోపల ఊదు వేశాడు. పెట్టె తాళం రెండుసార్లు తిరగనంది. మూడోసారి వచ్చింది. పెద్దపీరును గుడ్డలతో సహా ఎత్తుకొచ్చి గడప లోపల పీట మీద నిలిపాడు. అరచేయి ఆకారపు వెండి ముఖాన్ని కప్పే ఉంచాడు. మెడ దగ్గర పచ్చగుడ్డ సడలించి తాడు విప్పాడు. మూడు బిళ్లలు పళ్లెంలో పెట్టి తాసిల్దారు ముందుకు తెచ్చాడు.

తాసిల్దారు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఆకుల దండ ఉన్నదాన్ని వెలుగుకు పట్టి, మధ్యలో ఉన్న ఇంగ్లీషు చదువుకున్నాడు. "సాహసానికి ఇచ్చేది ఇదే" అన్నాడు. తర్వాత అంచును బొటనవేలితో తిప్పి చూశాడు. మిగతా రెంటినీ తిప్పి చూశాడు. "అంచులు నున్నగా ఉన్నాయేం?"

కంబన్న ముందుకు వచ్చి చెప్పాడు.

"నిక్షేపంలాంటి సాక్ష్యాన్ని అరగదీశావటయ్యా!"

"పీరుకు సాక్ష్యం యాల సామీ?" అన్నాడు కంబన్న.

తాసిల్దారు బిళ్లను పళ్లెంలో పెట్టాడు. మునసబుతో ఏదో మెల్లగా మాట్లాడాడు. తర్వాత నరసన్నను పిలిచాడు.

"ఆ కంపెనీలో ఈ ఊరివాళ్లు ఇద్దరు. ఒకడు లేడు. ఇది నీదేనని ప్రమాణం చేసి చెప్పు. వాంగ్మూలం రాసి పంపుతాను. అంతకంటే నేను చేయగలిగింది లేదు."

నరసన్న చెప్పులు విడిచి గడప దగ్గరికి పోయాడు. వలి సాహెబ్ పచ్చగుడ్డ కొసను అతని అరచేతిలో పెట్టాడు. నరసన్న ఎడమచేయి కూడా దాని మీద వేశాడు.

"చెప్పు" అన్నాడు తాసిల్దారు.

"నాదే అనుకుంటాండా దొరా."

"అనుకోవడం కాదు. నీదని తెలుసా?"

నరసన్న పళ్లెం వైపు చూశాడు. మూడు బిళ్లలూ రాజు తల పైకి పడి ఉన్నాయి. అలా పడితే ఏది ఏదో తెలియదు.

"తెలీదు దొరా" అన్నాడు.

జనం కదిలారు. సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెలీదంట, రాసుకోండి" అన్నాడు మునసబు. తాసిల్దారు కలం సిరాలో ముంచాడు.

"నాకు తెలుసు సామీ" అంది విశ్వాసమ్మ.

తాసిల్దారు కలం ఆపి చూశాడు. "ఎవరామె?"

"ఆ రెండో సిపాయి తల్లి" అని మునసబు చెప్పాడు.

"ఏం తెలుసమ్మా?"

"ఆ ఆకులది నరసన్నదే. నా కొడుకుది గుర్రం బొమ్మది."

"ఎలా తెలుసు?"

"నా పొట్లం నేనే ఇప్పినా. ఒక్కటే ఉండె. గుర్రం మీద మనిషి. ఇంటికాడ చూసుకుని, మల్లీ మడతపెట్టి తెచ్చినా."

"ప్రమాణం చేస్తావా?"

"చేస్తా."

ఆమె మెట్లు ఎక్కలేదు. వలి సాహెబ్ ఆమెను కాసేపు చూశాడు. తర్వాత పచ్చగుడ్డ మడతలు ఒకటొకటిగా విప్పుతూ మెట్ల చివరిదాకా తెచ్చి, కొసను కిందికి వదిలాడు. విశ్వాసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కొస పట్టుకుంది. గోళ్ల సందుల్లో వేపగుజ్జు ఎండి ఉంది. చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. గొంతు మారలేదు.

తాసిల్దారు కంబన్న వైపు తిరిగాడు. "పొట్లం నీ దగ్గరికి విప్పే వచ్చిందా?"

కంబన్న తన వేళ్లను చూసుకున్నాడు. "పలక మీద పడినాక చూసినా సామీ. అంతకు ముందరిది జ్ఞాపకం లేదు."

నరసన్న చేతిలో గుడ్డ ఇంకా ఉంది. అతను విశ్వాసమ్మ వైపు ఒక అడుగు వేశాడు. "పెద్దమ్మా, నిన్న నువ్వు..."

"నువ్వు గమ్మునుండప్పా" అంది ఆమె. "తెలీదంటివి కదా. తెలిసినోళ్లు చెప్తాండారు."

తాసిల్దారు వాంగ్మూలం రాశాడు. గుమాస్తా చదివి వినిపించాడు. విశ్వాసమ్మ వేలిముద్ర వేసింది. కంబన్న సాక్షి సంతకం పెట్టాడు. నరసన్నను కూడా పెట్టమన్నారు. కలం పట్టుకుని అతను కాగితాన్ని చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి సుంకమ్మ, "పెట్టు" అంది. కూడబలుక్కుంటూ పేరు రాశాడు. తలెత్తేసరికి మెట్ల కింద విశ్వాసమ్మ లేదు.

వలి సాహెబ్ మూడు బిళ్లలనూ తాడుకు ఎక్కించి ముడి వేశాడు. ముడి మీద ఇంకో ముడి వేసి, పీరును పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

*

ఆదివారం రాత్రి వాన పడింది. మరుసటి వారం నెల కనపడింది. పదో రోజున పీర్లు అలాయి గుండం చుట్టూ తిరిగాయి. నరసన్న గుండంలో ఉప్పు వేశాడు. విశ్వాసమ్మ కోసం జనంలో రెండుసార్లు వెతికాడు. ఆమెకు కాళ్లనొప్పులని గేరివాళ్లు చెప్పారు.

కొర్ర నూర్చాక నరసన్న ఒక మూట తెచ్చి ఆమె గుడిసె ముందు దించాడు. ఆమె తీసుకుంది. "రాళ్లు బాగ ఏరినావా?" అని అడిగింది. ఏరినానని చెప్పాడు. ఇద్దరి మధ్యా వేరే మాట నడవలేదు.

నవంబరులో బెంగుళూరు నుంచి కాగితం వచ్చింది. నరసన్న సర్వీసు కాగితాల్లో సాహసం బిళ్ల ఎక్కించారు. జనవరిలో కుందూ గట్టు ఐదెకరాలకు అతని పేర పట్టా ఇచ్చారు.

1924 ఆగస్టులో మళ్లీ పీర్ల పండుగ వచ్చింది. అంతకుముందు రోజు విశ్వాసమ్మ వేపగింజలు నెత్తిన పెట్టుకుని గానుగకు నడిచిపోయి వచ్చింది. ఈ ఏడూ కొడుకు పేరు చెప్పుకుని గుండంలో ఉప్పు వేయడానికి రాలేదు.